ఎవరి సాయంత్రాలతో ఈ ప్రణాళిక?

(హైదరాబాద్‌లో హెచ్‌ఆర్ ఉద్యోగులు, సైకాలజీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం ఇది. మాట్లాడేటప్పుడు దొర్లిన తడబాట్లు తప్ప ఏమీ మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకి వినిపిస్తోందా? ఒకసారి చెయ్యెత్తండి. ఆ, సరే.

నన్ను పిలిచినవాళ్లు ఫోన్లో "స్ట్రాటజిక్ ప్లానింగ్ మీద మాట్లాడండి మేడమ్" అన్నారు. మధ్యాహ్నం రెండింటికి, పులిహోర తిన్న కడుపుతో స్ట్రాటజిక్ ప్లానింగ్ వినడం ఎంత కష్టమో నాకు తెలుసు. (నవ్వులు) అందుకని మీకు రోజూ ఉండే కంపెనీ ప్లానింగ్ జోలికి పోను. జీతం ఇచ్చేవాడు, పని చెప్పేవాడు, చేయకపోతే పొమ్మనేవాడు ఉన్నచోట ప్లాన్ వేయడం ఒక రకం. జీతం లేదు, బాసు లేడు, అందరూ తమ ఉద్యోగాలు ముగించుకుని సాయంత్రం వచ్చి చెయ్యి వేసేవాళ్లే. అలాంటి చోట ప్లాన్ వేయడం ఇంకో రకం. వృత్తి సంఘాలన్నీ ఈ రెండో రకమే. నాకు దగ్గరగా తెలిసింది యూరప్‌లో వర్క్ సైకాలజిస్టుల సంఘాల సంగతి కాబట్టి అదే చెప్తాను.

నేను ఇరవై ఏళ్లుగా నెదర్లాండ్స్‌లో ఈ వృత్తిలోనే ఉన్నాను. మా పెద్దమ్మ ఇప్పటికీ అడుగుతుంది, "నువ్వు చేసేదేమిటమ్మా, మనసు బాగోనివాళ్లకి వైద్యమా?" అని. "కాదు పెద్దమ్మా, మనసు బాగున్నవాళ్లు ఆఫీసుకి వెళ్లి ఎందుకు పాడు చేసుకుని వస్తున్నారో చూస్తాను" అంటాను. ఉద్యోగానికి మనిషిని ఎంచుకోవడం, పనిని మనిషికి తగ్గట్టు అమర్చడం, టీముల్లో గొడవలు, షిఫ్టులు, స్ట్రెస్, రిటైర్మెంట్. మనిషికీ పనికీ మధ్య ఏం జరిగినా అది మా పరిధిలోకే వస్తుంది.

ఇలాంటివాళ్ల యూరోపియన్ సంఘం పేరు యూరోపియన్ అసోసియేషన్ ఆఫ్ వర్క్ అండ్ ఆర్గనైజేషనల్ సైకాలజీ. ఇది 1991లో పుట్టింది. కానీ సంఘం కంటే సభలే ముందు మొదలయ్యాయి. మొదటి మహాసభ 1983లో నెదర్లాండ్స్‌లోని నైమేఖన్‌లో జరిగింది. అప్పటినుంచి రెండేళ్లకోసారి ఒక్కో ఊళ్లో జరుగుతోంది. ముందు జనం కలుసుకోవడం అలవాటు చేసుకున్నారు, తర్వాత సంఘం పెట్టుకున్నారు. మన దగ్గర చాలాసార్లు ముందు లెటర్‌హెడ్, రబ్బరు స్టాంపు తయారవుతాయి, మనుషుల్ని తర్వాత వెతుకుతాం. (నవ్వులు)

ఈ సభలు జరిగిన ఊళ్ల పేర్లు వరసగా చదివితే చాలు, సంఘం ఎటు అడుగులు వేసిందో తెలిసిపోతుంది. 1989లో బెర్లిన్ గోడ కూలింది, తూర్పు యూరప్ తలుపులు తెరుచుకున్నాయి. 1995లో సభ హంగరీలోని గ్యోర్‌లో పెట్టారు. 2001లో ప్రాగ్. 2005లో ఇస్తాంబుల్. టర్కీ యూరోపియన్ యూనియన్‌లో లేదు, ఇప్పటికీ లేదు. అయినా అక్కడ సభ పెట్టారు. అంటే ఈ సంఘం దృష్టిలో యూరప్ అంటే బ్రసెల్స్‌లో కూర్చుని యూరోపియన్ యూనియన్ గీసిన గీత కాదన్నమాట. తర్వాత బ్రిటన్ యూనియన్ నుంచి బయటికి పోయినప్పుడు కూడా గ్లాస్గో సభ గ్లాస్గోదే. కాకపోతే కరోనా వల్ల 2021లో జరగాల్సింది 2022 జనవరికి జరిగింది. 2023లో పోలండ్‌లోని కటోవీచె. 2025లో మళ్లీ ప్రాగ్. ఏ మిషన్ స్టేట్‌మెంట్ చదివినా నాకు ఇంత స్పష్టంగా అర్థం కాలేదు. సభ ఎక్కడ పెట్టాలన్న నిర్ణయం చిన్నదిలా కనిపిస్తుంది కానీ, అసలు వ్యూహమంతా అందులోనే ఉంటుంది.

కటోవీచె అంటే గుర్తొచ్చింది. అది బొగ్గు ఊరు. మా శాస్త్రంలో అందరూ చదివే ఒక పరిశోధన కూడా బొగ్గు గనుల్లోనే పుట్టింది. లండన్‌లోని టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్ నుంచి ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫర్త్ 1951లో రాశారు. బామ్‌ఫర్త్ స్వయంగా గనిలో పని చేసి వచ్చినవాడు. గనుల్లోకి లాంగ్‌వాల్ పద్ధతి వచ్చింది, అంటే పొడవాటి బొగ్గు గోడని యంత్రాలతో వరసగా కోసుకుంటూ పోవడం. మన సింగరేణి వైపు వాళ్లెవరైనా ఉంటే లాంగ్‌వాల్ అంటే వివరంగా చెప్పక్కర్లేదు. యంత్రాలు వచ్చాయి కాబట్టి బొగ్గు ఎక్కువ రావాలి. కానీ అనుకున్నంత రాలేదు, జనం పనికి రావడం మానేశారు. ఎందుకు? అంతకుముందు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక చోట మొదటి నుంచి చివరి దాకా పని చేసేవాళ్లు. కొత్త పద్ధతిలో ఒక షిఫ్టు కోస్తుంది, ఒక షిఫ్టు ఎత్తిపోస్తుంది, ఇంకో షిఫ్టు యంత్రాన్ని జరుపుతుంది. ఒకరి మొహం ఒకరికి తెలియదు. ముందు షిఫ్టు సరిగా చేయకపోతే తర్వాత వచ్చినవాళ్లు తిట్టుకుంటారు. యంత్రాన్నీ మనుషుల అమరికనూ విడివిడిగా చూడకూడదని అప్పుడు తేలింది. అదే టావిస్టాక్ నుంచి ఏ.కె. రైస్ అనే ఆయన 1953లో మన అహ్మదాబాద్ వచ్చి కాలికో మిల్లులో మగ్గాల దగ్గర ఇలాంటి ప్రయోగమే చేశారు. అంటే ఈ శాస్త్రం మన దేశానికి నిన్న మొన్న ఐటీతో వచ్చింది కాదు.

సరే, ప్లానింగ్‌కి వద్దాం.

ఒక సంగతి చెప్తాను. యూరోపియన్ సంఘం కింద ఒక్కో దేశానికి సొంత సంఘాలు ఉంటాయి. ఇది అలాంటి ఓ చిన్న దేశపు సంఘంలో జరిగింది. పేరు చెప్పను. మా నెదర్లాండ్స్ కూడా కాదు. వాళ్లు అయిదేళ్ల ప్రణాళిక వేసుకుంటూ, బయటి మనిషి ఉంటే బాగుంటుందని నన్ను పిలిచారు. శనివారం. రైల్వేస్టేషన్ పక్కన అద్దెకు తీసుకున్న గది. తొమ్మిది మంది కార్యవర్గ సభ్యులు. ఫ్లాస్కులో కాఫీ, బిస్కెట్లు, రంగు రంగుల స్టికీ నోట్స్ కట్టలు.

"మనసులో ఏది వస్తే అది చెప్పండి, ఎవరూ విమర్శించొద్దు" అన్నారు. బ్రెయిన్‌స్టార్మింగ్. పదిన్నరకి మొదలైంది. పన్నెండు అయ్యేసరికి గోడ కనబడలేదు. పసుపు, గులాబీ, ఆకుపచ్చ కాగితాలు. రెండొందలకు పైనే.

నాకు నవ్వొచ్చింది. ఎందుకో చెప్తాను. గుంపులో కూర్చుని ఐడియాలు చెప్పించడం కంటే అంతే మందిని విడివిడిగా కూర్చోబెట్టి రాయించి కలిపితే ఎక్కువ ఐడియాలు వస్తాయని రుజువు చేసింది మావాళ్లే. జర్మనీలో ట్యూబింగెన్ యూనివర్సిటీ నుంచి డీల్, స్ట్రోబె అనే ఇద్దరు 1987లో దీని మీద పేరున్న పరిశోధన చేశారు. కారణం చాలా మామూలుది. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఆగేలోపు తమ ఆలోచన మర్చిపోతారు, లేదా ఇక వద్దులే అనుకుంటారు. ఆ గదిలో ఉన్న తొమ్మిది మందిలో కనీసం ముగ్గురు ఇదే విషయాన్ని క్లాసులో పాఠంగా చెప్తారు! (నవ్వులు) వంటమనిషి ఇంట్లో పస్తు అన్నట్టు. ఇద్దరు బాగా మాట్లాడేవాళ్లు ఉన్నారు. గోడ మీద సగం కాగితాలు వాళ్లవే. మూల కూర్చున్న ఒకామె, ఆస్పత్రుల్లో నర్సుల షిఫ్టుల మీద పని చేసే ఆమె, మధ్యాహ్నం దాకా రెండే రాసింది.

భోజనం తర్వాత ఎర్ర చుక్కల స్టికర్లు ఇచ్చారు. నచ్చినవాటికి అంటించాలి. చుక్కలు ఎక్కువ పడ్డవి పదకొండు తేలాయి. న్యూస్‌లెటర్, వెబ్‌సైట్ మార్పు, ప్రభుత్వ ముసాయిదాలకి అభిప్రాయాలు పంపడం, బయట కంపెనీల్లో పని చేసే సైకాలజిస్టుల కోసం సాయంత్రం సమావేశాలు, విద్యార్థుల విభాగం, పాడ్‌కాస్ట్, అవార్డు, ఇలా. అందరి మొహాల్లో తృప్తి. ప్లాన్ తయారైంది, ఇక దానికి మంచి బొమ్మ గీయించి పీడీఎఫ్ చేస్తే సరి అన్నారు.

అప్పుడు ఒక పెద్దాయన లేచారు. ముప్పై ఏళ్లుగా స్టీలు ఫ్యాక్టరీలో భద్రత మీద పని చేసిన మనిషి. బోర్డు దగ్గరికి వెళ్లి మార్కర్ తీసుకుని, "మనం వారానికి ఎన్ని గంటలు సంఘానికి ఇవ్వగలం? నిజం చెప్పండి" అన్నారు. ఒకామె అయిదంది. పక్కనున్న ఆయన ఆమె వంక చూశారు. "సరే, రెండు" అంది. (నవ్వులు) తొమ్మిది మంది, వారానికి రెండు గంటలు, సెలవులు పోగా ఏడాదికి నలభై వారాలు. ఆయన బోర్డు మీద రాశారు, 720.

తర్వాత ఆ పదకొండు పనుల్లో ఒక్కోదానికి ఎన్ని గంటలు పడుతుందో అడిగారు. న్యూస్‌లెటర్ ఒక్క సంచికకి ముప్పై గంటలు, ఏడాదికి నాలుగు, అంటే 120. సాయంత్రం సమావేశాలకి 200. ముసాయిదాల మీద అభిప్రాయానికి 80. అలా రాసుకుంటూ పోతే మొత్తం 2,900 దగ్గర తేలింది. అప్పటికే గదిలో మాటలు తగ్గాయి. చివర్లో ఆయన ఇంకో మాట అడిగారు. "ఇవేవీ చేయకపోయినా, ఇప్పుడు చేస్తున్న పనులకి ఎంత పడుతోంది?" లెక్కలు, సభ్యత్వాలు, వార్షిక సమావేశం, ఈమెయిళ్లు. కార్యదర్శి కాసేపు వేళ్ల మీద లెక్కేసి 400 అంది.

720లో 400 పోతే 320. గోడ మీద 2,900.

నేను ఎన్నో స్ట్రాటజీ పుస్తకాలు తిరగేశాను. ఆ బోర్డు మీద మూడు అంకెలు చెప్పినంత ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆ రోజు వాళ్లు పదకొండులో తొమ్మిది కొట్టేశారు. మిగిలినవి ముసాయిదాల పని, సాయంత్రం సమావేశాలు. 280 గంటలు. మిగతా నలభై గంటలు అనుకోకుండా వచ్చే వాటికి ఉంచుకున్నారు. అవార్డు కొట్టేసినప్పుడు ఒకాయన నిజంగానే అలిగారు. పర్వాలేదు. ఎవరూ అలగని ప్లాన్‌ని నేను నమ్మను. ఏదీ కొట్టేయలేదని అర్థం.

దీని వెనక కూడా శాస్త్రం ఉంది. మనిషి తన పనికి పట్టే టైమ్‌ని ఎప్పుడూ తక్కువే అంచనా వేస్తాడు. 1994లో వచ్చిన ఒక పరిశోధనలో యూనివర్సిటీ విద్యార్థుల్ని మీ థీసిస్ ఎన్నాళ్లలో పూర్తి చేస్తారని అడిగారు. సగటున 34 రోజులు అన్నారు. 55 రోజులు దాటింది. ఇక్కడ థీసిస్ రాస్తున్నవాళ్లు ఎవరూ చెయ్యెత్తక్కర్లేదు. (నవ్వులు) కాబట్టి ఆ 2,900 కూడా తక్కువ అంచనాయే.

ఇక తొమ్మిది మంది సమానంగా లాగుతారా? మాక్స్ రింగెల్‌మాన్ అనే ఫ్రెంచ్ వ్యవసాయ ఇంజినీరు ఉండేవాడు. మనుషులతో తాడు లాగించి బలం కొలిచాడు. 1913లో అచ్చు వేశాడు. ఒక్కడు లాగితే వంద అనుకుంటే, ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు తలకి 49 వచ్చింది. సగం కూడా లేదు. కొంత ఒకేసారి ఊపు కలవక, కొంత పక్కవాడు లాగుతున్నాడులే అని. మన ఊళ్లల్లో రథం లాగేటప్పుడు చూడండి. తాడు పట్టుకున్నవాళ్లందరూ లాగుతున్నారా? సగం మంది పుణ్యం కోసం పట్టుకున్నవాళ్లే. సంఘాల కార్యవర్గాలూ అంతే. మంచివాళ్లే, పట్టుకున్నారు, వదల్లేదు. కానీ రథం నడిపేది నలుగురు. ప్రతి పని పక్కన ఒకే ఒక్క పేరు రాయాలని నేను పట్టుబట్టేది అందుకే. "కమిటీ చూసుకుంటుంది" అని రాశారంటే ఎవరూ చూసుకోరని అర్థం.

గంటల సంగతి అయ్యాక ఇంకో పేచీ వస్తుంది. ఈ సంఘం ఎవరిది?

యూరప్‌లో వర్క్ సైకాలజిస్టులు రెండు రకాలు. యూనివర్సిటీలో పరిశోధన చేసేవాళ్లు, బయట ఫ్యాక్టరీల్లో, ఆస్పత్రుల్లో, కన్సల్టెన్సీల్లో పని చేసేవాళ్లు. మొదటివాళ్లకి పత్రికలో పేపరు రావాలి, సభలో చదవాలి, ప్రమోషన్‌కి అదే లెక్క. రెండోవాళ్లకి సోమవారం పొద్దున క్లయింటు దగ్గర చెప్పడానికి పనికొచ్చేది ఏదైనా కావాలి. సభకి వచ్చే ఖర్చు ప్రొఫెసర్‌కి యూనివర్సిటీ ఇస్తుంది. సొంతంగా ప్రాక్టీస్ చేసుకునేవాళ్లకి టికెట్ డబ్బులూ పోతాయి, ఆ మూడు రోజుల సంపాదనా పోతుంది. రెండోవాళ్లు మెల్లగా రావడం మానేస్తారు. ఎవరూ పొమ్మనరు. ప్రోగ్రాం పుస్తకం చూస్తే తమకి ఏమీ కనబడదు, అంతే.

యూరోపియన్ సంఘం దీన్ని గమనించుకుంది. పరిశోధకుల కోసం చిన్న చిన్న బృందాల సమావేశాలు ఉన్నాయి. ఒకే అంశం మీద కొద్దిమంది రెండు మూడు రోజులు కూర్చుని మాట్లాడుకుంటారు. నేను వెళ్లినవాటిలో నాకు ఎక్కువ పనికొచ్చినవి అవే, పెద్ద సభలు కావు. ప్రాక్టీస్ చేసేవాళ్ల కోసం వర్క్‌ల్యాబ్ అని వేరే పెట్టారు. ఇన్‌ప్రాక్టీస్ అని వాళ్ల కోసమే ఒక పత్రిక తెచ్చారు. మంచిదే. నా గొణుగుడు ఒకటుంది. ఇద్దరికీ చెరో గది కట్టిస్తే ఇద్దరూ కలిసేది ఎక్కడ? వంటగది వేరు పడ్డాక పండక్కి కూడా అరుగు మీద నుంచే పలకరించుకునే అన్నదమ్ముల్లా తయారవుతారేమో అని నా భయం. ప్రణాళిక వేసేటప్పుడు ఈ రెండు గదుల మధ్య తలుపు ఎవరు తీస్తారు, దానికి ఎన్ని గంటలు అన్నది కూడా రాయాలి.

పేర్లలో కూడా ఈ తేడాలు ఉన్నాయి. బ్రిటన్‌లో మమ్మల్ని ఆక్యుపేషనల్ సైకాలజిస్ట్ అంటారు. జర్మనీలో పనికి ఒకటి, కంపెనీకి ఒకటి, సంస్థ నిర్మాణానికి ఒకటి అని మూడు మాటలు కలిపి మూరెడు పేరు పెట్టుకున్నారు. ఫ్రెంచ్‌వాళ్లకి అది సింపుల్‌గా పని మనస్తత్వశాస్త్రం. కానీ వాళ్ల చూపు వేరు. మేనేజర్ కాగితం మీద రాసిన పని ఒకటి, మనిషి నిజంగా చేసే పని ఒకటి, ఈ రెంటి మధ్య దూరం ఎంత అని చూడటం వాళ్ల సంప్రదాయం. అమెరికాలో ఇండస్ట్రియల్ అంటారు. యూరప్‌వాళ్లు ఇండస్ట్రియల్ అనే మాట పక్కన పెట్టి "వర్క్" అనే మాట ముందు పెట్టుకున్నారు. అది నాకు నచ్చుతుంది. పని అంటే ఫ్యాక్టరీలోదే కానక్కర్లేదు. ఇంటి పని ఉంది. అసలు పనే లేకపోవడం ఉంది.

పని లేకపోవడం అంటే గుర్తొచ్చేది ఆస్ట్రియాలోని మరియెన్‌తాల్. చిన్న ఊరు. ఊరంతా ఒకే బట్టల మిల్లు మీద బతికేది. మిల్లు మూతపడింది. మరీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హన్స్ త్సైజెల్ ఆ ఊరికి వెళ్లి చూసి 1933లో ప్రచురించారు. వాళ్లు ఏం కొలిచారో తెలుసా? వీధిలో మనుషుల నడక. కిటికీ దగ్గర నిలబడి, గడియారం పెట్టుకుని, ఎవరు ఎంత మెల్లగా నడుస్తున్నారు, దారిలో ఎన్నిసార్లు ఆగుతున్నారు అని రాసుకున్నారు. మగవాళ్ల నడక నెమ్మదించింది. ఆడవాళ్లకి ఇంటి పని ఉంది కాబట్టి వాళ్లు ఇంకా గబగబా నడుస్తున్నారు. లైబ్రరీలో పుస్తకాలు తీసుకోవడం రెండేళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. బోలెడు తీరిక ఉంది, కానీ చదవాలనిపించడం లేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మా వృత్తికి ఫీజు ఇచ్చేది ఎక్కువగా కంపెనీలు. మరియెన్‌తాల్‌లో ఏ కంపెనీ లేదు, ఉన్న మిల్లే పోయింది. అలాంటి మనుషుల గురించి మాట్లాడటం మా సంఘం పనేనా? ఫీజు ఇచ్చేవాడి వైపా, పని చేసేవాడి వైపా? ప్రణాళిక పత్రాల్లో దీన్ని చాలా అందంగా దాటేస్తారు. "సంస్థలకు, ఉద్యోగులకు, సమాజానికి మేలు" అని ఒకే వాక్యంలో ముగ్గుర్నీ కూర్చోబెడతారు. మూడింటికీ ఒకేసారి మేలు జరిగే రోజులూ ఉంటాయి. జరగని రోజున ఎవరి పక్కన నిలబడతాం అన్నది రాసుకున్న సంఘాలు చాలా తక్కువ.

దీనికి ఇప్పుడు తొందర వచ్చింది. యూరప్‌లో 1989 నుంచి ఒక చట్టం ఉంది. పని వల్ల ఉద్యోగికి వచ్చే ప్రమాదాలేమిటో యజమానే ముందుగా చూసుకోవాలి. మొదట్లో అందరూ యంత్రాలు, రసాయనాలు అనుకున్నారు. స్ట్రెస్ కూడా దాని కిందికే వస్తుందని మెల్లగా ఒప్పుకున్నారు. 2004లో యజమానుల సంఘాలు, కార్మిక సంఘాలు కలిసి పని ఒత్తిడి మీద ఒప్పందం చేసుకున్నాయి. ఇప్పుడు ఏఐ చట్టం. 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. ఉద్యోగాలకి మనుషుల్ని ఎంచే ఏఐ సాఫ్ట్‌వేర్‌ని అందులో ఎక్కువ రిస్కు ఉన్నవాటిలో పెట్టారు. ఆఫీసులో మనిషి మొహం, గొంతు చూసి అతను కోపంగా ఉన్నాడా, దిగులుగా ఉన్నాడా అని చెప్పే ఏఐని 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించారు. వైద్యం, భద్రత కోసమైతే మినహాయింపు. ఇక్కడ ఐటీవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి చెప్తున్నా. మాదాపూర్‌లో కూర్చుని రాసిన సాఫ్ట్‌వేర్ అయినా సరే, దాని ఫలితం యూరప్‌లో వాడుతుంటే ఆ చట్టం వర్తిస్తుంది. కాల్ సెంటర్‌లో "కస్టమర్‌తో మాట్లాడేటప్పుడు నీ గొంతులో ఉత్సాహం తగ్గింది" అని స్క్రీన్ మీద చూపించే ప్రోగ్రాం ఉంటుంది కదా, అలాంటి వాటిని ఉద్యోగుల మీద వాడేముందు లాయర్‌ని అడగండి.

మనిషిని ఉద్యోగానికి ఎలా ఎంచాలి, టెస్ట్ ఎప్పుడు నమ్మాలి అన్నది వందేళ్లుగా మా పని. ఇలాంటి చట్టం రాస్తున్నప్పుడు మా సంఘాల గొంతు వినపడాలి కదా. ఇక్కడే నా అసలు ఫిర్యాదు. యూరోపియన్ యూనియన్‌లో చట్టాలని ప్రతిపాదించే యూరోపియన్ కమిషన్ బహిరంగంగా అభిప్రాయాలు అడిగితే మామూలుగా పన్నెండు వారాలు ఇస్తుంది. పెద్ద సభ రెండేళ్లకోసారి. సర్వసభ్య సమావేశం దానితోపాటే. కార్యవర్గంలో ఉన్నవాళ్లు వేర్వేరు దేశాల్లో, వేర్వేరు ఉద్యోగాల్లో. ముసాయిదా రాసి, అందరికీ పంపి, స్పెయిన్ నుంచి ఒక కామా, ఫిన్లాండ్ నుంచి ఒక అభ్యంతరం వచ్చి, అవన్నీ సరిచేసేసరికి పదమూడో వారం వచ్చేస్తుంది. (నవ్వులు) శాస్త్రం ఉంది, మనుషులు ఉన్నారు, బస్సు మాత్రం వెళ్లిపోతుంది.

కాబట్టి ప్రణాళికలో నేను మొదట వెతికేది ఒకే పేజీ. ఏ విషయాల మీద మన మాట ముందే ఖరారైంది? ఆ మాట చెప్పడానికి ఎవరికి అధికారం ఉంది? ఎవర్నీ అడగకుండా వాళ్లు ఎంతవరకు వెళ్లొచ్చు? ఈ పేజీ రాయడానికి మహా అయితే ఇరవై గంటలు పడుతుంది. విజన్ వాక్యంలో ఏ విశేషణం ఉండాలని వాదించుకోవడానికి అంతకంటే ఎక్కువే ఖర్చు పెడతారు. నేను కూడా పెట్టాను, నన్ను మినహాయించుకోవడం లేదు.

అన్నీ తప్పులే చెప్తున్నానని అనుకోకండి. నిలబడ్డ పనులు కూడా ఉన్నాయి. ఒకటి చెప్తాను. 1980ల మొదట్లో పారిస్ కేంద్రంగా కొంతమంది ప్రొఫెసర్లు ఒక చిన్న నెట్‌వర్క్ పెట్టుకున్నారు. యూరప్‌లో వర్క్ సైకాలజిస్ట్‌కి కనీసం ఏం తెలిసి ఉండాలి అని ఏళ్ల తరబడి మాట్లాడుకుని ఒక నమూనా పాఠ్యప్రణాళిక తయారు చేశారు. హడావుడి లేదు, లోగో గొడవ లేదు. దాని ప్రభావం తర్వాత యూరోసై అనే సర్టిఫికెట్ దాకా వెళ్లింది. అయిదేళ్ల యూనివర్సిటీ చదువు, ఒక ఏడాది ఇంకొకరి పర్యవేక్షణలో పని. ఏడేళ్లకోసారి మళ్లీ రెన్యువల్, ఈలోపు నేర్చుకుంటూనే ఉన్నారని చూపించాలి. దాని మీద వర్క్ సైకాలజీకి ప్రత్యేకంగా స్పెషలిస్ట్ సర్టిఫికెట్ కూడా ఉంది. లిస్బన్‌లో చదివినామె హెల్సింకీ వెళ్తే, ఆమె ఎవరో, ఏం నేర్చుకుందో చెప్పడానికి ఒక కాగితం ఉంది. ఇది ఎందుకు నిలబడిందంటే, పని చిన్నది, చేసేవాళ్లు కొద్దిమందే, ఎవరెవరు అన్నది స్పష్టం, తొందర లేదు. నాలుగేళ్ల పదవీకాలంలో పేరు తెచ్చుకోవాలనుకునేవాళ్లు ఇలాంటి పని ముట్టుకోరు.

టైమ్ అయిపోయిందని చూపిస్తున్నారు. ఒకటి రెండు ప్రశ్నలు తీసుకుంటాను. ఆ, అక్కడ బాబు.

(ఒక విద్యార్థి: మేడమ్, వాలంటీర్లకి గంటల లెక్క పెడితే జీతగాళ్లలా ఫీలవరా? ఇష్టంతో వచ్చేవాళ్లు కదా.)

మంచి ప్రశ్న. నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ నేను చూసినంతవరకు, మానేసిన వాలంటీర్లలో ఇష్టం లేక మానేసినవాళ్లు తక్కువ. ఇష్టం కొద్దీ అన్నీ నెత్తిన వేసుకుని, అలిసిపోయి, చెప్పుకోలేక మానేసినవాళ్లే ఎక్కువ. బర్నౌట్ మీద లెక్చర్లు ఇచ్చే ఒకామె మా దగ్గర కోశాధికారిగా ఉండి బర్నౌట్‌తో వెళ్లిపోయింది. అందరం పువ్వులు పంపాం. ఆమె పని మాత్రం ఇంకొకామెకి అలాగే, అంతే బరువుతో అప్పగించాం. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. లెక్క పెడితే కనీసం "నావల్ల కాదు" అనడానికి ఆధారం దొరుకుతుంది. ఇంకొకరు? ఆ, చెప్పమ్మా.

(ఒక హెచ్‌ఆర్ ఉద్యోగిని: ఆ శనివారం గోడ మీద కాగితాల్లో మీరు రాసింది కూడా ఉందా మేడమ్?)

(నవ్వుతూ) ఉంది. బయటి మనిషివైనా రాయి అన్నారు. వేరే దేశాల నుంచి వచ్చిన సైకాలజిస్టులకి అక్కడి భాష, అక్కడి లైసెన్సు పద్ధతులు నేర్పే తోడు ఒకటి ఉండాలని రాశాను. నేను మొదట వెళ్లినప్పుడు నాకు అది లేదు. ఒక్క ఫారం నింపడానికి నాలుగు నెలలు తిరిగాను. ఎర్ర చుక్కలు బాగానే పడ్డాయి. ఆ పెద్దాయన గంటలు అడిగితే 350 అని నేనే చెప్పాను. కొట్టేశారు. నాకూ కొంచెం చివుక్కుమంది. ఆ నర్సుల షిఫ్టులామె గోడ మీద నుంచి ఆ కాగితం తీసి నా చేతికిచ్చింది. ఇప్పటికీ డైరీలో ఉంది, జిగురు పోయింది. వచ్చే ఏడాది మా దగ్గర ప్రణాళిక సమావేశం ఉంది. అక్కడికి తీసుకెళ్తాను. ఈసారి పక్కన ఇద్దరి పేర్లు కూడా రాసి ఉంచాను, వాళ్లని అడిగే రాశాను.